‘గ్రక్కున విడువంగ వలయు’: ఎల్‌ఈడీ సరఫరా విషయంలో ‘గ్రక్కున’ అంటే ఎంత త్వరగా?

నెల్లూరు సభ్యుడు:
సభ్యులకు నమస్కారం. లినక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె వంటి భాగంలో) ఎల్‌ఈడీ డ్రైవర్, అంటే ఆ దీపాన్ని నడిపే ప్రోగ్రాము, తన విద్యుత్ సరఫరాను రెగ్యులేటర్ (వోల్టేజిని అదుపులో ఉంచి అందించే భాగం) నుండి ఎలా తీసుకోవాలో, పని లేనప్పుడు ఎలా వదలాలో వివరిస్తూ డిప్లొమా విద్యార్థుల కోసం తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. దీపం వెలుగు విలువ సున్నాకు దిగినప్పుడు డ్రైవర్ ‘రెగ్యులేటర్ డిసేబుల్’ ఫంక్షన్‌ను కాల్ చేయాలని చెప్పే చోట ఒక పద్యపాదం పదే పదే మనసులో మెదులుతోంది. ‘విడువంగ వలయు గదరా సుమతీ’ అన్నంత వరకు సందేహం లేదు. దాని ముందరి మాట ‘చక్కగ’ అని నాకు జ్ఞాపకం, ‘గ్రక్కున’ అని మా నాన్నగారికి జ్ఞాపకం. మొదటిదైతే క్రమం తప్పకుండా వదలాలని, రెండవదైతే వెంటనే వదలాలని అర్థం వస్తుంది కనుక పాఠంలో ఏది పెట్టాలన్నది నాకు ముఖ్యమైన విషయం.

కావలి సభ్యుడు:
మీ నాన్నగారి పాఠమే సరి. ప్రాసను బట్టి చూస్తే ‘చక్కగ’ కూడా నిలుస్తుంది, ఎందుకంటే రెండవ అక్షరం ‘క్క’యే, గణాన్ని బట్టి చూసినా రెండూ భగణాలే. కానీ కందంలో నాలుగవ పాదానికి యతి నాలుగవ గణం మొదటి అక్షరంతో కుదరాలి. అక్కడ ఉన్నది ‘గదరా’. ‘గ్ర’కు ‘గ’తో మైత్రి ఉంది, ‘చ’కు లేదు. కాబట్టి అక్షరం గురించి చర్చ ఇక్కడితో ముగిసినట్టే.

ఒంగోలు సభ్యుడు:
మాస్టారూ, అక్షరం తేలినా అర్థం తేలలేదు. ‘గ్రక్కున’ అంటే తక్షణమే అని విద్యార్థి గ్రహిస్తే అతని డ్రైవర్ చెడుతుంది. మిణుకుమిణుకుమనే దీపాన్ని తీసుకోండి. వెలుగు సున్నా అయిన ప్రతిసారీ సరఫరాను వదిలి, మళ్ళీ వెలిగే ప్రతిసారీ తీసుకుంటే, రెగ్యులేటర్ వోల్టేజి స్థిరపడేందుకు పట్టే సమయం ప్రతి మిణుకులోనూ కలుస్తుంది. సరఫరా నిజంగా తెగితే కొన్ని ఎల్‌ఈడీ చిప్పులు తమ రిజిస్టర్లలోని (చిప్పు లోపలి చిన్న నిల్వ గడులలోని) విలువలను కోల్పోతాయి కనుక వాటిని మళ్ళీ మొదటి నుండి రాయవలసి వస్తుంది. పైగా రెగ్యులేటర్‌ను ఎనేబుల్ చేసే, అంటే సరఫరాను తీసుకునే, ఫంక్షన్ మధ్యలో నిద్రలోకి పోవచ్చు (పని ముగిసే వరకు ఆగి వేచి ఉండవచ్చు), అందుచేత నిద్రపోకూడని సందర్భంలో దానిని కాల్ చేయరాదు. ఎల్‌ఈడీ వ్యవస్థలో నిద్రకు అనుమతి ఉన్న ‘బ్రైట్‌నెస్ సెట్ బ్లాకింగ్’ పద్ధతిలోనే ఆ పని చేయాలి. ఇన్ని మిల్లీసెకన్ల తరువాత వదలమని చెప్పడానికి ‘రెగ్యులేటర్ డిసేబుల్ డిఫర్డ్’ అనే మరొక ఫంక్షన్‌నే కెర్నల్ పెద్దలు ఇచ్చారు. గ్రక్కున విడువకుండా ఉండడానికే ఒక ఫంక్షన్ ఉన్నప్పుడు, ఈ పాదాన్ని పాఠానికి తలమానికంగా పెట్టడం నాకు సమ్మతం కాదు.

గూడూరు సభ్యుడు:
నాకు చాలా కాలంగా ఒక ఊహ ఉంది. ‘గ్రక్కు’ అనే క్రియకు కక్కడం అని అర్థం. ఒంటికి పడనిదానిని శరీరం బయటికి తోసేసినట్టు, మిగుల్చుకోకుండా వదలడం అనే భావం ‘గ్రక్కున’లో ఉందని నా నమ్మకం. అప్పుడు అది వేగాన్ని చెప్పదు, సంపూర్ణతను చెబుతుంది. ఒంగోలు వారి అభ్యంతరం కూడా తొలగిపోతుంది.

కావలి సభ్యుడు:
ఆ ఊహకు వ్యాకరణం అడ్డుపడుతుంది. చప్పున, దిగ్గున, చటుక్కున అన్న మాటల వరుసలోనిదే గ్రక్కున. ఇవన్నీ పని జరిగే తీరును, వేగాన్ని చెప్పే అవ్యయాలు. క్రియ నుండి పుట్టిందనాలంటే పాత కావ్యాల నుండి ప్రయోగం చూపాలి. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత ముద్రణలు చూసే అవకాశం ఉన్నవారు వెదికి చెబితే సంతోషిస్తాను.

గూడూరు సభ్యుడు:
ప్రయోగం దొరికే వరకు ఊహను విడువను.

ఆత్మకూరు సభ్యుడు:
మీరందరూ ‘గ్రక్కున’ దగ్గర ఆగిపోయారు కానీ అసలు చిక్కు ‘విడుచు’ దగ్గర ఉంది. సోమశిల నుండి నీళ్ళు వదిలారు అంటే మా వైపు రైతుకు సరఫరా వచ్చిందని అర్థం. ‘డ్రైవర్ సరఫరాను వదిలింది’ అని రాస్తే మా పిల్లలు దీపం వెలిగిందనుకుంటారు. డిసేబుల్‌కు ‘ఆపు’ అని సూటిగా రాయవచ్చు కదా?

ఒంగోలు సభ్యుడు:
‘ఆపు’ అనడం కూడా తప్పే, ఇది పాఠంలో తప్పనిసరిగా వివరించవలసిన సంగతి. ఒకే రెగ్యులేటర్ మీద ఎల్‌ఈడీ చిప్పు ఒక్కటే ఆధారపడి ఉండదు. టచ్ తెర, సెన్సారు వంటివి కూడా ఉండవచ్చు. ఎందరు ఎనేబుల్ చేశారో కెర్నల్ లెక్క పెట్టుకుంటుంది. డ్రైవర్ డిసేబుల్ అన్నప్పుడు ఆ లెక్కలో ఒకటి తగ్గుతుందే తప్ప కరెంటు ఆగిపోతుందన్న హామీ లేదు. అందరూ అక్కర లేదన్న తరువాతనే అది ఆగుతుంది, అదీ డివైస్ ట్రీలో (బోర్డు మీది పరికరాల వివరాలను కెర్నల్‌కు చెప్పే పట్టికలో) ఆ రెగ్యులేటర్‌కు ‘ఆల్వేస్ ఆన్’ అని రాయకపోతేనే. ఆత్మకూరు వారి నీళ్ళనే తీసుకుంటే, తూము కింద పొలమున్న ఒక రైతు తనకు చాలునన్నంత మాత్రాన తూము మూయరు గదా. కాబట్టి డ్రైవర్ విడిచేది కరెంటును కాదు, దాని మీద తనకున్న పట్టును.

కందుకూరు సభ్యుడు:
అయితే పద్యం వేరొక ఫంక్షన్‌కు సరిపోతుంది, డిసేబుల్‌కు కాదు. అక్కరకు రాని చుట్టాన్ని, వరమీయని వేల్పును, ఎక్కినఁ బాఱని గుర్రాన్ని విడువమన్నది మళ్ళీ చేరదీయడానికి కాదు. ఆ విడుపు శాశ్వతం. ఎల్‌ఈడీ డ్రైవర్ డిసేబుల్ చేసేది అక్కరకు వచ్చే సరఫరాను, అదీ మళ్ళీ తీసుకునే ఉద్దేశంతో. శాశ్వతంగా సంబంధం తెంచేది ‘రెగ్యులేటర్ పుట్’. డ్రైవర్‌ను తొలగించేటప్పుడు జరిగేది అదే, ‘డెవ్ఎమ్’ రకపు ఫంక్షన్‌తో తీసుకుని ఉంటే ఆ పనిని కెర్నల్ తానే చేస్తుంది. అక్కడ ‘గ్రక్కున’ అన్న మాటకు ఏ దోషమూ లేదు.

ఇక ఎనేబుల్, డిసేబుల్ జంటకు నా సూచన ‘పట్టు, విడుపు’. గ్రహణానికి పట్టుస్నానం, విడుపుస్నానం అంటాము. ఒకటి ఉంటే రెండవది ఉండి తీరుతుంది. పట్టు ఎన్ని సార్లో విడుపు అన్ని సార్లు. ఒక విడుపు ఎక్కువైతే జత కుదరలేదని కెర్నల్ లాగ్‌లో హెచ్చరిక పడుతుంది. దీపం వెలుగు 10 నుండి 200కు మారినప్పుడు కొందరు విద్యార్థులు మళ్ళీ ఎనేబుల్ చేస్తారు; సున్నా నుండి సున్నా కానిదానికి మారినప్పుడే పట్టు, తిరిగి సున్నాకు వచ్చినప్పుడే విడుపు అన్న నియమం ఈ మాటలతో చెబితే తేలికగా అందుతుంది.

నెల్లూరు సభ్యుడు:
కందుకూరు వారి జంట నాకు ఎంతో నచ్చింది. అయితే ‘పట్టువిడుపులు’ అనగానే సర్దుబాటు ధోరణి స్ఫురిస్తుంది, కెర్నల్ లెక్కలో సర్దుబాటుకు చోటు లేదు. ఈ ఒక్క శంక మిగిలింది.

అద్దంకి సభ్యుడు:
పట్టు దొరకని సందర్భాన్ని మీరెవరూ ప్రస్తావించలేదు. ఎల్‌ఈడీ డ్రైవర్ వచ్చి రెగ్యులేటర్‌ను అడిగే వేళకు ఆ రెగ్యులేటర్ డ్రైవరే ఇంకా లోడ్ కాకపోవచ్చు. అప్పుడు కెర్నల్ ‘ప్రోబ్ డిఫర్’ అంటుంది. ఎల్‌ఈడీ డ్రైవర్ దానిని వైఫల్యంగా భావించి దోషం ప్రకటించకుండా, ఆ సమాధానాన్నే పైకి అందించి తప్పుకోవాలి, తరువాత మళ్ళీ పిలుపు వస్తుంది. దీనికి ‘వాయిదా’ కన్నా మంచి మాట కావాలని నా కోరిక. అరణ్యపర్వంలో మిగిలిన భాగాన్ని విడిచి తిక్కన విరాటపర్వంతో మొదలుపెట్టాడు, పదిహేను పర్వాలు పూర్తయ్యాయి, అయినా ఆ ఖాళీ చెడిపోలేదు. తరువాత మా ఎఱ్ఱన వచ్చి, తన పేరు చెప్పుకోకుండా నన్నయ పేరనే, రాజరాజుకే అంకితంగా పూరించాడు. అటువంటి ‘మిగులు’ అన్న భావం ఉన్న మాట కావాలి.

కావలి సభ్యుడు:
ఎఱ్ఱన వినయానికి నేనూ నమస్కరిస్తాను, కానీ మాటల ఎంపికలో పాఠానికి దారి చూపవలసింది తిక్కనే. విరాటపర్వంలో మనుషులు మాట్లాడుకునే చోట్ల ఆయన ఎంత చిన్న తెలుగు మాటలతో ఎంత పెద్ద బరువు మోయిస్తాడో చూడండి. ‘సక్రియం, నిష్క్రియం’ అని రాసేవారు ఈ పెన్న ఒడ్డున కూర్చుని అలా రాయడం నాకు బాధ కలిగిస్తుంది. పట్టు, విడుపు ఉండనీయండి. సర్దుబాటు అర్థం సమాసంలో వస్తుంది. విడివిడిగా వాడితే రాదు.

ఒంగోలు సభ్యుడు:
ఆ మాటలకు నా అంగీకారం. ‘గ్రక్కున’ విషయంలో మాత్రం కాదు. కెర్నల్ 2.6.27లో, అంటే 2008లో, ఈ రెగ్యులేటర్ వ్యవస్థ వచ్చింది. ఈనాటి కెర్నల్ అయితే బూట్ అయిన తరువాత ఎవరూ పట్టని రెగ్యులేటర్లను ఆపడానికి కూడా సుమారు 30 సెకన్లు వేచి చూస్తుంది, ఆలస్యంగా వచ్చే డ్రైవర్లకు అవకాశం ఇవ్వాలని. బూట్‌లోడర్ (కెర్నల్ కన్నా ముందు నడిచి దానిని మొదలుపెట్టే ప్రోగ్రాము) వెలిగించిన దీపం కొంతసేపటికి తనంతట తాను ఆరిపోయిందని విద్యార్థులు అడిగేది ఈ కారణం వల్లనే. వారి డ్రైవర్ ఆ సరఫరాను పట్టలేదు.

గూడూరు సభ్యుడు:
ముప్పై సెకన్లు ఆగి అక్కర లేనివాటిని ఏమీ మిగల్చకుండా ఆపేయడం నేను చెప్పిన అర్థానికే దగ్గరగా ఉంది.

కావలి సభ్యుడు:
ప్రయోగం చూపండి.

నెల్లూరు సభ్యుడు:
పద్యపాదాన్ని ‘పుట్’ దగ్గరికి మార్చి, ఎనేబుల్, డిసేబుల్‌లకు పట్టు, విడుపు అని విడివిడిగా రాస్తాను. ‘డిసేబుల్ డిఫర్డ్’కు ‘నిదానపు విడుపు’ అనవచ్చునా, ‘ఆగి విడుచుట’ అనాలా? అద్దంకి వారు అడిగిన మాట కూడా దీనితో కలిపి ఆలోచించి చెప్పగలరు.

అద్దంకి సభ్యుడు:
రెండూ వేరు వేరు. మొదటిదానిలో పట్టు ఉంది, విడుపు ఆలస్యం. రెండవదానిలో పట్టే ఇంకా లేదు. ఒకే మాట పెట్టవద్దు.