ఏకబిగిన చదివేసే సైన్స్ ఫిక్షన్ కథలు చెప్పండి, అసలు మీరెలా వెతుక్కుంటారు?

చుక్కలదారి:

హాయ్ అందరికీ. సైన్స్ ఫిక్షన్ లో ఏం చదవమంటారు అని ఎవర్నడిగినా డ్యూన్, ఫౌండేషన్, త్రీ బాడీ ప్రాబ్లమ్ అని అవే పేర్లు చెప్తున్నారు, మంచి పుస్తకాలే కాదనను, కానీ నాకిప్పుడు కావల్సింది కథలు. రాత్రి మొదలుపెడితే పడుకునేలోపు అయిపోవాలి, మర్నాడంతా బుర్రలో తిరుగుతూ ఉండాలి.

నా టేస్ట్ ఏంటో చెప్తే మీకు ఈజీ అవుతుందేమో. అసిమోవ్ రాసిన ద లాస్ట్ క్వశ్చన్ (1956) చదివా, మందు కొడుతూ ఇద్దరు టెక్నీషియన్లు పందెం వేసుకుని కంప్యూటర్ ని ఒక ప్రశ్న అడుగుతారు, విశ్వంలో శక్తి అంతా ఖర్చయిపోకుండా ఆపే మార్గం ఉందా అని, ఇక ఆ ప్రశ్న యుగాల తరబడి అలా నడుస్తూనే ఉంటుంది. తర్వాత టెడ్ చియాంగ్ రాసిన ఎక్స్‌హలేషన్ (2008), అందులో గాలి ఒత్తిడితో నడిచే లోహపు మనిషి ఒకడు అద్దాలు అమర్చుకుని తన తల తనే విప్పి లోపల మెదడు ఎలా పని చేస్తుందో చూసుకుంటాడు. ఈ రెండూ చదివాక వేరే ఏదీ ఆనట్లేదు. యుద్ధాలు, స్పేస్ షిప్ ఛేజింగులు నాకంత ఎక్కవు. ఒక్క ఐడియా పట్టుకుని దాన్ని చివరిదాకా తీసుకెళ్ళాలి, అదీ నాక్కావల్సింది.

ఇంకోటి, ఎప్పుడో చదివిన కథ ఒకటి పేరు గుర్తురావట్లేదు. ఇంట్లో మనుషులెవరూ ఉండరు, ఇల్లే పొద్దున్నే లేవండి లేవండి అని పిలుస్తుంది, బ్రేక్‌ఫాస్ట్ చేస్తుంది, తినేవాళ్ళు లేక అదే పారేస్తుంది. ఎవరికైనా తెలుసా?

నెట్ లో లిస్టులు చాలానే ఉన్నాయి కానీ సగం లిస్టులు "చివర్లో ట్విస్ట్ అదిరిపోద్ది" అని మొదలుపెడతాయి, ఆ ముక్క చదివాక ఇంక కథ ఎక్కడ చదువుతాం, ఆ ట్విస్ట్ ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చోడమే.

---

కథలగూడు:

ముందు మీ ఇంటి కథ సంగతి. అది రే బ్రాడ్‌బరీ ది, దేర్ విల్ కమ్ సాఫ్ట్ రెయిన్స్, 1950. డౌటే లేదు. ఎనిమిది టోస్టులు, ఎనిమిది గుడ్లు, రెండు కాఫీలు, రెండు గ్లాసుల పాలు, అంటే నలుగురున్న ఇల్లని మనకి ఆ లెక్కలోనే తెలిసిపోతుంది, ఎక్కడా చెప్పడు. తర్వాత ఇంటి బయట గోడ వస్తుంది గుర్తుందా, గోడంతా నల్లగా కాలిపోయి ఐదు చోట్ల మాత్రం పెయింట్ మిగిలి ఉంటుంది, లాన్ కోస్తున్న మనిషి, పూలు కోయడానికి వంగిన ఆవిడ, చేతులు పైకెత్తిన పిల్లాడు, ఎదురుగా ఒక పాప, మధ్యలో గాల్లో ఉన్న బంతి. బాంబు అనే మాటతో ఒక్క పేజీ నింపకుండా ఆ బంతితో చెప్పేశాడు. నేను ఎవరికైనా కథ ఎలా రాయాలో చూపించాలంటే ఆ పేరానే చూపిస్తా. ద మార్షియన్ క్రానికల్స్ పుస్తకంలో ఉంటుంది, అందులో ఆ కథకి వేసిన తేదీ 2026 ఆగస్టు.

ఇక వెతకడం గురించి. నేను ఎప్పట్నుంచో ఫాలో అయ్యే పద్ధతి ఒకటుంది, మీలాంటి టేస్ట్ వాళ్ళకి బాగా పని చేస్తుంది. మీకు నచ్చిన కథ పేరు తీసుకెళ్ళి ఇంటర్నెట్ స్పెక్యులేటివ్ ఫిక్షన్ డేటాబేస్ లో కొట్టండి, ఆ కథ మొదట ఏ పత్రికలో వచ్చింది, తర్వాత ఏయే సంకలనాల్లో వేశారు అన్నీ అక్కడ వరసగా ఉంటాయి. మీకు నచ్చిన రెండు కథలూ ఒకే సంకలనంలో కనిపించాయనుకోండి, ఆ సంకలనం చేసిన ఎడిటర్ టేస్ట్ మీ టేస్ట్ ఒకటేనన్నమాట, ఇక కళ్ళు మూసుకుని ఆ ఎడిటర్ చేసిన మిగతా పుస్తకాలు తెచ్చుకోవచ్చు. రచయిత వెంట పడితే ఒక్కడి కథలే దొరుకుతాయి, ఎడిటర్ వెంట పడితే మనం పేరు కూడా వినని వాళ్ళు దొరుకుతారు.

మొదలుపెట్టడానికైతే ద సైన్స్ ఫిక్షన్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదటి వాల్యూమ్, 1970 లో రాబర్ట్ సిల్వర్‌బర్గ్ ఎడిట్ చేసింది. 1965 కి ముందు వచ్చిన కథల్లోంచి అమెరికాలో సైన్స్ ఫిక్షన్ రచయితలే ఓట్లేసి ఎంచుకున్నారు. అందులో మీరు ముందు నైట్‌ఫాల్ (1941) చదవండి. ఆరు సూర్యులున్న గ్రహం, అక్కడ బతికున్న ఒక్కడికీ చీకటంటే ఏంటో తెలీదు. ఇంతే చెప్తా, ఇంతకంటే చెప్పను. తర్వాత ఆర్థర్ సి. క్లార్క్ రాసిన ద నైన్ బిలియన్ నేమ్స్ ఆఫ్ గాడ్ (1953), టిబెట్ లో ఒక మఠం వాళ్ళు కంప్యూటర్ అద్దెకి అడుగుతారు. చాలా చిన్నది, పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది.

---

నీలిగ్రహం:

పైన చెప్పింది బాగుంది కానీ ఒక మాట అనకుండా ఉండలేను. ఆ హాల్ ఆఫ్ ఫేమ్ పుస్తకం నాకూ ఇష్టమే, కానీ అందులో దాదాపు అందరూ మగవాళ్ళే, అంతా ఇంగ్లీషులో రాసినవాళ్ళే, అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతే సైన్స్ ఫిక్షన్ అంటే ల్యాబ్ కోటేసుకున్న ఇద్దరు మాట్లాడుకోవడం అనుకుంటాం. అలా అనుకుని వదిలేసినవాళ్ళు నాకు చాలామందే తెలుసు.

ఆక్టేవియా బట్లర్ రాసిన స్పీచ్ సౌండ్స్ (1983) చదవండి ముందు. ఏదో జబ్బు వచ్చి మనుషుల్లో కొందరికి మాట పోతుంది, కొందరికి చదవడం రాయడం పోతుంది, చాలామంది చచ్చిపోతారు కూడా. కథ ఒక బస్సులో గొడవతో మొదలవుతుంది, ఎవరూ మాట్లాడలేరు కాబట్టి ఒక చూపు తేడాగా తగిలినా కొట్టుకోవడమే. పేర్లు చెప్పుకోలేరు కదా, అందుకని ఒకావిడ ధాన్యపు కంకి ఆకారంలో పిన్ను పెట్టుకుంటుంది, అదే ఆవిడ పేరు. ఆవిడ ఒకప్పుడు పాఠాలు చెప్పిన మనిషి, రాసిన మనిషి, ఇంటినిండా పుస్తకాలున్నాయి, ఒక్క అక్షరం చదవలేదు. దారిలో కలిసిన మనిషికి ఇంకా చదవడం వచ్చని తెలిసిన క్షణాన ఆవిడకి వాడి మీద పుట్టే కోపం ఉంది చూడండి, చదవడం అంటే ప్రాణం ఉన్న ఎవరికైనా అక్కడ గుండె పట్టేస్తుంది. మీరడిగిన ఒక్క ఐడియా చివరిదాకా అనేది ఇక్కడుంది, మెషీన్లేమీ లేకుండానే. ఈ కథకి హ్యూగో కూడా వచ్చింది, సైన్స్ ఫిక్షన్ లో పెద్ద అవార్డు అది.

ఇంకా వెనక్కి వెళ్తానంటే రోకేయా హుస్సేన్ రాసిన సుల్తానాస్ డ్రీమ్ (1905) ఉంది. ఎండ వేడిని పట్టుకుని వాడుకునే దేశం, ఆడవాళ్ళు బయట ఏలుతుంటే మగవాళ్ళు ఇంట్లో పరదా వెనక. నూరేళ్ళ పైమాటే, నెట్ లో ఫ్రీగానే ఉంటుంది.

కొత్త కథలకైతే పత్రికలు పట్టుకోండి. క్లార్క్స్‌వరల్డ్, స్ట్రేంజ్ హొరైజన్స్, లైట్‌స్పీడ్ వీటిలో కథలు సైట్ లోనే చదువుకోవచ్చు, క్లార్క్స్‌వరల్డ్ లో చైనీస్ లాంటి భాషల నుంచి అనువాదాలు కూడా వేస్తుంటారు. అన్నీ నచ్చవు, నచ్చనవసరం లేదు, మొదటి రెండు పేరాలు లాగకపోతే ఇంకోటి.

---

వినికిడి_రేడియో:

చదివే టైం లేనివాళ్ళకి ఎస్కేప్ పాడ్ అని పాడ్‌కాస్ట్ ఉంది, 2005 నుంచి వస్తోంది, మొత్తం సైన్స్ ఫిక్షన్ కథలే చదివి వినిపిస్తారు. పనులు చేసుకుంటూ వినేయొచ్చు. పెద్ద కథలకంటే చిన్నవే వినడానికి బాగుంటాయి, పెద్దవైతే మధ్యలో ఎవడు ఎవడో మర్చిపోతాం.

---

మూడోకన్ను:

లేట్ గా వచ్చా. అవార్డుల లిస్టుల్లో వెతికేవాళ్ళకి ఒక ఉపయోగపడే విషయం చెప్తా. హ్యూగో, నెబ్యులా రెండింట్లోనూ నిడివిని బట్టి విభాగాలుంటాయి, 7,500 పదాలలోపైతే షార్ట్ స్టోరీ, అక్కణ్ణుంచి 17,500 దాకా నావలెట్, ఆ పైన 40,000 దాకా నావెల్లా. మీకు ఒక్క రాత్రిలో అయిపోవాలంటే మొదటి రెండు విభాగాలే చూడండి. ఇంకా ముఖ్యమైంది, గెలిచిన కథ ఒక్కటే చూసి వదిలేయకండి, ఆ ఏడాది ఫైనల్ లో ఉన్న మిగతావి కూడా చూడండి, నాకు బాగా ఇష్టమైనవి సగం అలా ఓడిపోయిన కథలే.

ట్విస్ట్ గురించి మీరన్నది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. కథ రికమెండ్ చేసేటప్పుడు మొదటి రెండు మూడు పేజీల్లో ఉన్నదాకా చెప్పి ఆపేయాలి, అంతే. ఉదాహరణకి టామ్ గాడ్విన్ ద కోల్డ్ ఈక్వేషన్స్ (1954). ఒక గ్రహం మీద జబ్బు పడ్డవాళ్ళకి మందు తీసుకెళ్తున్న చిన్న షిప్, ఇంధనం సరిగ్గా లెక్కకట్టి పోశారు, బయల్దేరాక పైలట్ కి ఒక మీటర్ ముల్లు కదిలినట్టు కనిపిస్తుంది, సామాన్లుండే గదిలో ఒంటి వేడి ఉన్నదేదో ఉందని. ఇక్కడ ఆపేస్తా. చదివినవాళ్ళలో సగంమంది ఏడుస్తారు, సగంమంది ఆ గదికి తాళం ఎందుకు వెయ్యలేదు, ఇంధనం కాస్త ఎక్కువ పోస్తే ఏం పోయింది అని ఇప్పటికీ వాదిస్తూనే ఉంటారు. నేను రెండో గుంపు. ఐనా చదవమనే చెప్తా, కథతో అంతలా పోట్లాడాలనిపించిందంటేనే అందులో ఏదో ఉన్నట్టు కదా.

---

చుక్కలదారి:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఇల్లు కథ దొరికేసింది, ఆ గోడ పేరా మళ్ళీ చదివా, బంతి నాకస్సలు గుర్తులేదు, ఈసారి ఆగిపోయా అక్కడ. స్పీచ్ సౌండ్స్ కూడా అయిపోయింది, దాని గురించి ఇప్పుడే ఏమీ రాయలేను, ఇంకా అందులోనే ఉన్నా. డేటాబేస్ ఓపెన్ చేస్తే రెండు గంటలు ఎటు పోయాయో తెలీలేదు.

చివరగా ఒక్కటి, నా ఫ్రెండ్ ఒకడున్నాడు, కథలు బాగా చదువుతాడు కానీ సైన్స్ ఫిక్షన్ అంటే "నాకు ఫిజిక్స్ రాదు రా" అంటాడు. వాడి చేత ఒక్క కథ చదివించాలి. ఒక్కటే ఛాన్స్, ఏది ఇమ్మంటారు?

---

కథలగూడు:

ఫ్లవర్స్ ఫర్ ఆల్జెర్నాన్, డేనియల్ కీస్. ఆలోచించే పనే లేదు. బుద్ధి తక్కువగా ఉన్న ఒకతను తెలివి పెంచే ఆపరేషన్ కి ఒప్పుకుని డైరీలా రిపోర్టులు రాస్తుంటాడు, మొదట్లో అన్నీ అక్షర దోషాలే, రానురాను వాక్యాలు ఎలా మారతాయో చూస్తుంటే అతని బుర్రలో ఏం జరుగుతోందో మనకే తెలిసిపోతుంది, సైన్స్ ఒక్క ముక్క రాకపోయినా పర్లేదు. అతని కంటే ముందు అదే ఆపరేషన్ చేయించుకున్న ఎలుక పేరే ఆల్జెర్నాన్.

ఒకటే జాగ్రత్త, ఇది 1966 లో నవలగా కూడా వచ్చింది, షాపులో అడిగితే అదే ఇస్తారు. మీ ఫ్రెండ్ కి మాత్రం 1959 లో వచ్చిన కథే ఇవ్వండి, నేను చెప్పిన హాల్ ఆఫ్ ఫేమ్ పుస్తకంలోనే ఉంది. అది నచ్చితే నవల అతనే వెతుక్కుంటాడు.

---

నీలిగ్రహం:

దీనికి మాత్రం నేనూ ఓటేస్తున్నా. ఇచ్చేటప్పుడు ఏడిపిస్తుందని ముందే చెప్పకండి.