హెంప్సన్ గోళ్లతో మీటిన సంగీతాన్ని నైలాన్ తీగల మీద వాయిస్తే అది అదే సంగీతమా?

లిఫీతీరం:
డెనిస్ హెంప్సన్ పేరు హార్ప్ (చట్రానికి బిగించిన తీగల్ని రెండు చేతుల వేళ్లతో మీటే వాద్యం) వాయించేవాళ్లకి తప్ప పెద్దగా తెలీదు కాబట్టి ముందు ఆయన గురించి. ఉత్తర ఐర్లండ్‌లో గార్వా దగ్గర 1695 ప్రాంతంలో పుట్టాడు. మూడో ఏట మశూచి సోకి చూపు పోయింది. పన్నెండో ఏట బ్రిజిట్ ఓ కాహన్ అనే ఆవిడ దగ్గర హార్ప్ మొదలుపెట్టాడు. పద్దెనిమిదేళ్లకి అక్కడి పెద్దలు కొందరు కలిసి ఆయనకో హార్ప్ ఇప్పించారు. దాన్ని పట్టుకుని ఐర్లండ్, స్కాట్లండ్ తిరిగాడు. 1745లో ఎడిన్‌బరోలో స్టూవర్ట్ వంశపు రాకుమారుడు చార్లెస్ ముందు వాయించాడు. 1807లో పోయాడు, 112 ఏళ్లు బతికాడని చెప్పుకుంటారు. 1702లో చేసిన ఆయన హార్ప్ ఇప్పటికీ ఉంది, డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీ వాళ్ల దగ్గర.

1792 జూలైలో బెల్ఫాస్ట్‌లో పాతకాలపు హార్ప్ కళాకారుల్ని పిలిచి ఉత్సవం చేశారు. వాళ్లలో పాత పద్ధతిలో, పొడవాటి వంకర గోళ్లతో ఇత్తడి తీగల్ని మీటింది హెంప్సన్ ఒక్కడే. పాటల్ని రాసుకోవడానికి కుదిర్చిన పందొమ్మిదేళ్ల కుర్రాడు ఎడ్వర్డ్ బంటింగ్ ఆయన్ని అంతటితో వదల్లేదు. మెగిల్లిగన్‌లో ఆయన ఇంటికి వెళ్లి మరీ విన్నాడు.

ఇవాళ ఐర్లండ్‌లో ఎక్కువమంది వాయించేది పేగు తీగలో నైలాన్ తీగలో కట్టిన లివర్ హార్ప్, అంటే తీగల స్థాయి మార్చడానికి పైన చిన్న మీటలుండే హార్ప్. మీటేది వేలి కొసలతో. దాని మీద ఆ పాత వరసలు వాయించి, ‘ప్రాచీన ఐరిష్ సంగీతం’ అని కచేరీ పోస్టర్ మీద వేయడం సరికాదంటాను. మీరేమంటారు?

వీణమెట్లు:
ఒప్పుకోను. బాలుస్వామి దీక్షితర్ వయొలిన్‌ని మన సంగీతంలోకి తెచ్చారు. ఈ రెండు వందల ఏళ్లలో వయొలిన్ మీద వాయించిన త్యాగరాజ కృతిని ఎవరైనా త్యాగరాజుది కాదన్నారా? వరస ఉంది, రాగం ఉంది, పాట ఉంది. వాద్యం మారితే మారింది. హెంప్సన్ పాటలకి మాత్రం వేరే రూలు ఎందుకు?

లిఫీతీరం:
ఎందుకంటే త్యాగరాజ కృతి గొంతు కోసం పుట్టింది. వయొలిన్ ఆ గొంతు వెంట వెళ్తుంది, వెళ్లగలదు కూడా. హెంప్సన్ వాయించిన పాత వాద్య సంగీతం చేతుల్లో పుట్టింది.

ఇత్తడి తీగని గోటితో మీటితే మోత చాలాసేపు నిలుస్తుంది. తర్వాతి స్వరం మీటేసరికి ముందుది ఇంకా మోగుతూనే ఉంటుంది. అన్నిటినీ అలాగే వదిలేస్తే ఒకదాని మీద ఒకటి పడి గందరగోళమే. అందుకని ఒక వేలు మీటుతుంటే ఇంకో వేలు అంతకు ముందు మీటిన తీగని అణచాలి. ఏది ఎంతసేపు మోగాలి, ఏది ఎక్కడ ఆగాలి అన్నదే అక్కడ విద్య. అణచడంలో తేడా వస్తే అవే స్వరాలు వేరే పాటలా వినిపిస్తాయి. బంటింగ్ 1840లో వేసిన పుస్తకంలో ఈ వేళ్ల కదలికలకీ గమకాలకీ కళాకారులు వాడిన పేర్లు విడిగా ఇచ్చాడు. చేతులు కూడా ఇప్పటికి తిరగబడ్డాయి: అప్పట్లో ఎడమ చెయ్యి తారస్థాయికి, కుడి చెయ్యి మంద్రానికి. నైలాన్ మీద మోత త్వరగా చచ్చిపోతుంది, అణచాల్సిన పని చాలావరకు పోతుంది. అణచే పని పోయాక మిగిలింది స్వరాల వరుస మాత్రమే.

పాతప్రతి:
లిఫీతీరం గారూ, ఇందులో ఒక చిక్కుంది. బంటింగ్ అచ్చువేసింది పియానో కోసం. 1796, 1809, 1840 మూడు సంపుటాలూ అంతే. ఇవాళ ఇత్తడి తీగలు కట్టి, గోళ్లు పెంచి వాయించేవాళ్లు కూడా పియానో ప్రతుల నుంచీ, ఆయన చేతిరాతల నుంచీ ఊహించి వెనక్కి వెళ్తున్నారు. గురువు నుంచి శిష్యుడికి నేరుగా వచ్చిన తాడు 19వ శతాబ్దంలోనే తెగిపోయింది. 1970ల నుంచి అమెరికాలో ఆన్ హేమన్ గోళ్లతో, లోహపు తీగలతో చేసిన కృషి అంటే నాకు చాలా గౌరవం. కానీ అది పునర్నిర్మాణం. ఆ మాట పోస్టర్ మీద వాళ్లూ వేయాలి కదా?

ఇంకోటి. ‘పాత సంగీతం’ అంటే ఎవరిది? అందరూ వాయించేది టర్లో కెరొలన్ అనే ఐరిష్ హార్ప్ కళాకారుడు కట్టిన పాటలు. ఆయన 1738లో పోయాడు, ఇటలీ సంగీతం అంటే ప్రాణం పెట్టినవాడు. హెంప్సన్ కుర్రతనంలో కెరొలన్‌ని కలిశాడు, కానీ ఆయన పాటలు వాయించడం తనకి ఎప్పుడూ నచ్చలేదట. ఈ మాట రాసింది బంటింగే. హెంప్సన్ దృష్టిలో కెరొలన్ కొత్త ఫ్యాషన్. మనకి ఇద్దరూ ఒకే గంపలో ప్రాచీనులు.

ఓరుగల్లుబిడ్డ:
మా పాప ఐర్లండ్‌ల, కార్క్‌ల లివర్ హార్ప్ నేర్చుకుంటున్నది. అన్నా, మీరు చెప్పేది మంచిగనే ఉన్నది. కానీ ఇత్తడి తీగల హార్ప్ నేర్పెటోళ్లు మా దగ్గర్ల లేరు. బడికి పోయే పిల్లకు గోళ్లు నిలుస్తయా? బాస్కెట్‌బాల్ ఆడొస్తే రెండు విరుగుతయి. లివర్ హార్ప్ లేకపోతే మా ఇంట్ల కెరొలన్ పేరు కూడ వినపడకపోవు. 2019ల యునెస్కో ఐరిష్ హార్ప్ కళను వారసత్వ జాబితాల పెట్టింది. అండ్ల ఈ పిల్లల వంతు కూడ ఉన్నదని నేను గట్టిగ నమ్ముతున్న.

కృష్ణఒడ్డు:
చిన్న మాట. అమరావతి స్తూపం పలకల మీద విల్లులా వంగిన వీణలున్నాయి, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ చూడొచ్చు. అవి హార్ప్ జాతివే. ఆ జాతి బర్మాలో ఇంకా బతికుంది, మన దగ్గర పోయింది. ఏ వేలితో మీటారో రాసిపెట్టిన బంటింగ్ మనకి దొరకలేదు. దొరికి ఉంటే, ఆ పుస్తకం పక్కన పెట్టి వేరే వాద్యం మీద కానిద్దాం అనేవాణ్ని కాను. నా ఓటు లిఫీతీరం గారికి.

వీణమెట్లు:
చేతుల్లో పుట్టిన సంగీతం అన్న మాట బలమైనదే. కానీ మరీ అంత గట్టిగా పట్టుకుంటే ఐరిష్ స్వరకర్త షాన్ ఓ రియాడని ఏం చేస్తారు? 1960లలో కెరొలన్ పాటల్ని ఆయన హార్ప్సికార్డ్ (పియానోలా మెట్లు నొక్కితే లోపల లోహపు తీగల్ని మీటే వాద్యం) మీద వాయించాడు. ఇత్తడి తీగల మోతకి నైలాన్ హార్ప్ కన్నా అదే దగ్గరని ఆయన నమ్మకం. వాద్యం పూర్తిగా వేరు, వేళ్ల పని వేరు, చెవికి మాత్రం దగ్గర. మీ లెక్కలో అది దోషమా, భక్తా?

లిఫీతీరం:
భక్తే. ఆయన మోత కోసం వెతికాడు, ఆ వెతుకులాటే నేను అడుగుతున్నది. పాప గురించి రాసిన మిత్రుడికి: మీ అమ్మాయిని ఎవరూ ఆపకూడదు, కెరొలన్‌ని హాయిగా వాయించనివ్వండి. పాతప్రతి గారు చెప్పిన పునర్నిర్మాణం అన్న మాట కూడా పోస్టర్ మీద ఉండాల్సిందే, లోహపు తీగల వాళ్లకీ మినహాయింపు లేదు.

కెరొలన్ సంగతి వదిలేస్తాను. నా పేచీ ‘ఫీహన్ గ్లేష్’ లాంటి వాటి దగ్గర. శ్రుతి కుదిరిందో లేదో చూసుకోవడానికి వాయించే అతి పాత ఆలాపన అది. హెంప్సన్ దాన్ని వాయించడానికి ఇష్టపడలేదు, బంటింగ్ ఎంతో బతిమాలితే గానీ వినిపించలేదు. అందులో చెప్పుకోదగ్గ వరస లేదు, ఉన్నదంతా మోతా, దాన్ని అణచడమూ. దాన్ని నైలాన్ మీద విని, ఏం మిగిలిందో ఎవరైనా నాకు చెప్పండి.

వీణమెట్లు:
ఆ ఒక్కదాని విషయంలో ఇత్తడి తీగలే కావాలి, సరే. మిగతా పాటలన్నిటి మీదా నా మాట నాదే.