జెర్సీ ఆవుకి జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది, గోమార్ల వల్లేనా?

ప్రశ్న (తెనాలి రైతు):
అన్నలూ కొంచెం చూసి చెప్పండి. మా జెర్సీ క్రాస్ ఆవు ఈని 20 రోజులైంది, నాలుగు రోజుల నుంచి జ్వరం 105 ఉంటోంది, ఊళ్ళో సూదులు వేసే అతను వచ్చి చేస్తే తగ్గినట్టే తగ్గి తెల్లారేసరికి మళ్లీ ఒళ్లు కాలిపోతోంది. పూటకి 6 లీటర్లిచ్చేది ఇప్పుడు 2 కూడా రావట్లా. మేత ముట్టట్లేదు, కళ్లెంట నీళ్లు. పొదుగు పక్కన, తోక కింద గోమార్లు బాగా పట్టాయి. మూత్రం మామూలుగానే ఉంది. పక్కనే కట్టేసే ఒంగోలు ఆవుకి మాత్రం ఏం కాలేదు, అదే అర్థం కావట్లా.

పాడిరైతు:
తమ్ముడూ ముందు భుజానికి ముందు, మెడ మొదట్లో చెయ్యి పెట్టి చూడు. నిమ్మకాయంత గడ్డ తగిలితే థైలీరియా (గోమార్లు కుట్టడం వల్ల రక్తంలోకి చేరే సూక్ష్మజీవి జబ్బు) అని గట్టిగా అనుమానించాలి. నాటు పశువులు దీన్ని చాలావరకు తట్టుకుంటాయి, జెర్సీ, హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్) క్రాసులు తట్టుకోలేవు, ఈనిన కొత్తలో ఇంకా నీరసంగా ఉంటాయి. మామూలు యాంటీబయోటిక్ సూదులు దీనికి పనిచెయ్యవు, రోజులు పోయేకొద్దీ రక్తం తగ్గిపోతది. కింది కనురెప్ప లాగి చూడు, ఎర్రగా లేక తెల్లగా పాలిపోయి ఉంటే అసలు ఆగొద్దు. పశువుల అంబులెన్స్ నంబర్ 1962కి ఫోన్ చెయ్ లేదా పశువుల ఆస్పత్రికెళ్లి చెవి కొసన రక్తం తీయించి స్లైడ్ (గాజు పలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూసే పరీక్ష) చూపించు. ఇంకో సూది పడకముందే చెయ్ ఈ పని.

పశువైద్యుడు:
పైన చెప్పింది సరైనదే. థైలీరియా అని తేలితే బుపార్వాక్వోన్ అనే మందు, 20 కిలోల బరువుకి 1 ఎంఎల్ చొప్పున కండకి ఇస్తాం. ఖరీదైన మందే కానీ మొదట్లో పడితే బాగా పనిచేస్తుంది. మూత్రం కాఫీ డికాషన్‌లా వస్తే అది బెబీసియా, గోమార్ల వల్లే వచ్చే ఇంకో జబ్బు, దానికి మందు వేరు, డిమినజీన్. అందుకే స్లైడ్ చూడకుండా సొంతంగా కొని వెయ్యొద్దు. పాలు ఎన్నాళ్లు వాడకూడదో కూడా అడగండి.

తెనాలి రైతు:
గడ్డ ఉంది అన్నా, రెండు వైపులా! సాయంత్రమే డాక్టర్ గారు వచ్చి రక్తం తీశారు, థైలీరియానే అన్నారు, సూది వేశారు. పొద్దున 102కి దిగింది, గుప్పెడు పచ్చిగడ్డి తింది. గోమార్లు పోడానికి ఏం కొట్టాలి?

పాడిరైతు:
హమ్మయ్య. పశువులకి వాడే డెల్టామెత్రిన్ (1.25%) లీటర్ నీళ్లకి 2 ఎంఎల్ కలిపి చల్లపూట కొట్టు, ముందు కడుపునిండా నీళ్లు తాగించు, లేకపోతే ఒళ్లు నాకుద్ది. నీరసంగా ఉన్నదానికి మాత్రం డాక్టర్నడిగే కొట్టు. ఒంటి మీద కొట్టి ఊరుకుంటే లాభం లేదు, గుడ్లు పెట్టేది గోడ నెర్రెల్లో, గాడి కింద. ఒక్క గోమారే వేలల్లో పెడతది. నెర్రెలు సిమెంటుతో పూడ్చి పాకంతా కొట్టు, మూడు వారాలకి మళ్లీ కొట్టు. రెణ్నెల్లు దాటిన దూడలుంటే థైలీరియా రాకుండా వేసే రక్షావ్యాక్-టి టీకా గురించి కూడా అడుగు, చూలు ఆవులకి మాత్రం వేయించకు.