తలసరి బీఫ్ సరఫరా గ్రాఫ్: 2013 తర్వాత ఒక్కసారిగా పడిపోయింది, మంద తగ్గినప్పుడేమో పెరిగింది. ఎక్కడ తప్పుతున్నాను?

అంకెలమూట
ఒక దేశంలో మనుషుల తిండికి అందే బీఫ్ 1961 నుంచి ఎలా మారిందో గ్రాఫ్ గీస్తున్నాను. ఆధారం ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) ఫుడ్ బ్యాలెన్స్ షీట్లు, అంటే ఒక్కో దేశపు ఆహార జమాఖర్చు పట్టికలు. మూడు చోట్ల ఆగిపోయాను.

మొదటిది: 2013 దాకా ఎఫ్‌ఏఓ పాత పద్ధతి శ్రేణి, ఆ తర్వాత కొత్త పద్ధతి శ్రేణి తీసుకుంటే ఆ ఒక్క ఏడాదిలోనే పది శాతం పడిపోయినట్టు కనిపిస్తోంది. రెండోది: ఒక ఏడాదికి నేనే లెక్క కట్టి చూశాను. అంకెలు గుండ్రంగా చెప్తాను: ఉత్పత్తి 5 లక్షల టన్నులు, కస్టమ్స్ ప్రకారం దిగుమతి 60 వేలు, ఎగుమతి 1.2 లక్షలు, నిల్వలు 5 వేలు పెరిగాయి, జనాభా 3 కోట్లు. తలకు 14.5 కిలోలు వచ్చింది. షీటులో 13.9 ఉంది. మూడోది: పశువుల సంఖ్య తగ్గుతున్న ఏళ్లలో సరఫరా పెరిగింది, మంద కోలుకుంటుంటే తగ్గింది. ఇది డేటా తప్పేనా?

తూకంరాయి
రెండోదానికి జవాబు తేలిక. మీరు రెండు రకాల బరువుల్ని కలిపేశారు.

ఉత్పత్తి అంకె కార్కస్ బరువులో ఉంటుంది. అంటే తోలు, తల, కాళ్లు, లోపలి అవయవాలు తీసేశాక ఎముకతో సహా మిగిలిన బరువు. కస్టమ్స్ అంకె మాత్రం పెట్టెలో ఉన్న సరుకు బరువు, అందులో ఎక్కువ భాగం ఎముక తీసిన మాంసం. దాన్ని కార్కస్ బరువులోకి మార్చాలి. హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకు రకాన్ని చెప్పే అంతర్జాతీయ సంఖ్య) చూడండి: 0201 తాజా లేదా చల్లబరిచినది, 0202 గడ్డకట్టించినది. రెండింటిలోనూ చివర 10 ఉంటే కార్కస్ లేదా సగం కార్కస్, 20 అయితే ఎముకతో ఉన్న ముక్కలు, 30 అయితే ఎముక తీసినది. 10, 20లను అలాగే వదిలేయొచ్చు. 30ని 1.3 నుంచి 1.4 మధ్య గుణకంతో హెచ్చించాలి, యూరోపియన్ యూనియన్ వాడేది 1.3.

మీ సరుకంతా ఎముక తీసినదే అనుకుందాం. దిగుమతి 60 × 1.3 = 78 వేలు, ఎగుమతి 120 × 1.3 = 156 వేలు. 500 + 78 − 156 − 5 = 417 వేల టన్నులు. 3 కోట్లతో భాగిస్తే 13.9 కిలోలు. సరిపోయింది కదా! ఎగుమతి ఎక్కువగా ఉన్న దేశానికి ఈ పొరపాటు సరఫరాను పెంచి చూపిస్తుంది, దిగుమతి మీద బతికే దేశానికి తగ్గించి చూపిస్తుంది. రెండు దేశాల్ని పోల్చేవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే.

ఇంకో మాట. 13.9 కిలోలంటే మనిషి తిన్నది అనుకోకండి. అమెరికా వ్యవసాయ శాఖ కార్కస్‌ను రిటైల్ బరువులోకి, అంటే దుకాణంలో అమ్మే బరువులోకి మార్చడానికి 0.70, ఎముక లేని బరువుకు 0.669 వాడుతుంది. ఆ లెక్కన మీ 13.9 కాస్తా 9.7, 9.3 అవుతుంది. ఇంట్లో, హోటల్లో పారేసేది ఇంకా తీయనే లేదు. గ్రాఫ్ నిలువు గీత పక్కన ఏ బరువో తప్పకుండా రాయండి.

పచ్చికబీడు
పై లెక్కకు చేర్పు. ప్రాణంతో వచ్చిన పశువులు, అంటే 0102, దిగుమతిలో మళ్లీ కలపొద్దు. ఇక్కడ కోశాక అవి ఉత్పత్తిలోనే పడతాయి. నాలుక, కాలేయం వగైరా 0206 కూడా వద్దు, షీటులో వాటికి వేరే వరుస ఉంది. డబ్బా బీఫ్ 1602.50 కిందికి వస్తుంది, దానికి గుణకం ఇంకా ఎక్కువ. మీ దేశంలో గేదెలుంటే షీటులోని బోవైన్ (ఆవు, గేదె జాతుల) మాంసం వరుసలో గేదె మాంసమూ కలిసే ఉంటుంది. విడదీయాలంటే ఎఫ్‌ఏఓ ఉత్పత్తి పట్టికలో ఆవుజాతికి 867, గేదెకు 947 అనే ఎఫ్‌ఏఓ సొంత కోడ్‌లు చూడండి.

ఇక మూడో ప్రశ్న. అది డేటా తప్పు కాదు, మంద స్వభావమే అంత.

ఒక పెయ్య ఏడు నెలల వయసులో పాలు మరిచిందనుకోండి. దాన్ని మాంసానికి పంపితే పద్దెనిమిదో నెలలో కోతకొస్తుంది. మందలోకి ఉంచుకుంటే పదిహేనో నెలలో కట్టిస్తారు, తొమ్మిది నెలలు మోసి సుమారు రెండేళ్ల వయసులో ఈనుతుంది. ఆ దూడ మాంసంగా మారడానికి ఇంకో ఏడాదిన్నర. అంటే ఈరోజు పెయ్యను ఆపుకుంటే పదకొండు నెలలకు రావలసిన మాంసం రాదు, దాని బదులు వచ్చే మాంసానికి మూడేళ్లు పడుతుంది. మంద కోలుకునే కాలంలో సరఫరా తగ్గేది అందుకే.

కరువులో దీనికి తలకిందులు. మేత లేక చూడి కట్టని ఆవుల్నీ పెయ్యల్నీ అమ్మేస్తారు, కోత పెరుగుతుంది, ఆ ఏడాది గ్రాఫ్ పైకి లేస్తుంది. అది మిగులు కాదు, మూలధనాన్ని కోసి తినడం. ఆ గీతను ఎదుగుదలగా చదివితే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే వచ్చే మూడేళ్ల కొరత దానిలోనే దాగి ఉంది.

దీన్ని పట్టుకోవడానికి మొత్తం కోతలో ఆడపశువుల వాటా గీయండి. ఆస్ట్రేలియాలో అది 47 శాతం దాటితే మంద కరుగుతోందని లెక్క. మీ దేశంలో పాడి ఎక్కువైతే ఆ గీత వేరేచోట ఉంటుంది, కాబట్టి అంకె కంటే పాత సగటు నుంచి ఎంత కదిలిందో చూడండి.

అమెరికాలో 1975లో మంద 13.2 కోట్లు, 2025 జనవరి 1న 8.67 కోట్లు, అంటే అప్పటికి 1951 తర్వాత అదే అతి తక్కువ. అయినా 2022లో ఉత్పత్తి రికార్డు, దాదాపు 1.28 కోట్ల టన్నులు. కొంత పశువు బరువు పెరగడం వల్ల, కొంత కరువులో ఆవుల్ని కోసినందువల్ల. తలల లెక్క ఒక్కటే పెట్టుకుని సరఫరాను ఊహించొద్దు.

అంకెలమూట
రెండు, మూడు తేలాయండీ, చాలా థాంక్స్. మొదటిదానికి: 2010 నుంచి 2013 దాకా రెండు శ్రేణులూ ఉన్నాయి. కొత్తదాన్ని పాతదానితో భాగిస్తే వరుసగా 0.91, 0.90, 0.90, 0.89. పాతదాన్నంతా 0.90తో హెచ్చించి అతికించనా?

తూకంరాయి
నిష్పత్తి నాలుగేళ్లూ ఇంత దగ్గరగా ఉంది కాబట్టి అతికించొచ్చు. 0.84, 0.88, 0.93 అంటూ పాకి ఉంటే సగటు పనికిరాదు, ముందు ఏ వరుస మారిందో వెతకాల్సి వచ్చేది. కొత్త పద్ధతిలో మిగులు తేడా (లెక్క కుదరక మిగిలిపోయిన అంకె), పర్యాటకుల వినియోగం వేర్వేరు వరుసలుగా ఉంటాయి, జనాభా అంకెలూ మారాయి. చిన్న ద్వీప దేశాల్లో పర్యాటకుల వరుసే తలసరిని బాగా కదిలిస్తుంది.

అయితే నాలుగేళ్ల నిష్పత్తి 1960ల తప్పును సరిచేయలేదు. అందుకే 2010కి ముందు భాగాన్ని చుక్కల గీతగా వేయండి, 2010–13లో రెండు గీతలూ పక్కపక్కనే కనిపించనివ్వండి. నిల్వల గుర్తు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి. రెండు శ్రేణుల్లో అది ఒకే అర్థంలో ఉండదు: పాతదాంట్లో నిల్వ నుంచి తీసింది ప్లస్, కొత్తదాంట్లో నిల్వకు చేరింది ప్లస్.