అప్‌డేట్: బ్రోకర్ ఏపీఐ లైవ్ ధరలు యాప్‌లో చూపించొచ్చా?

షేర్ బ్రోకర్ ఏపీఐలో (ప్రోగ్రామ్‌లు నేరుగా డేటా తీసుకునే దారి) వచ్చే లైవ్ షేరు ధరలను నా యాప్‌లో అందరికీ చూపించొచ్చా అని అడిగాను కదా. కుదరదు.

వట్టి వాస్తవాలకు కాపీరైట్ లేదని అమెరికా సుప్రీంకోర్టు 1991లోనే ఫైస్ట్ కేసులో తేల్చింది, నిజమే. కానీ ఇక్కడ చేతులు కట్టేసేది కాంట్రాక్టు. బ్రోకర్ ఇచ్చే ఏపీఐ కీ (యాక్సెస్ కోడ్) మామూలుగా ఖాతాదారు సొంత వాడకానికే. పదిమందికి చూపిస్తే అది రీడిస్ట్రిబ్యూషన్, అంటే డేటాను ఇతరులకు పంచడం. ఎక్స్ఛేంజ్‌తోనో, అధీకృత డేటా వెండర్‌తోనో విడిగా ఒప్పందం కావాలి.

తెరమీద ఏమీ చూపకుండా అల్గోకి (తనంతట తానే ట్రేడ్ చేసే ప్రోగ్రామ్‌కి) మాత్రమే ఇచ్చినా చాలా ఎక్స్ఛేంజ్‌లు ‘నాన్‌-డిస్‌ప్లే’ కింద వేరే ఫీజు వేస్తాయి. ఒప్పందంలో ఆడిట్ క్లాజు (డేటా వాడకాన్ని తనిఖీ చేయొచ్చనే షరతు) కూడా ఉంటుంది, కాబట్టి ఎవరికి ఎప్పటి నుంచి యాక్సెస్ ఉందో లాగ్ తప్పనిసరి.

ప్రస్తుతానికి 15 నిమిషాల ఆలస్యపు ధరలకు మారుస్తున్నా. వాటికీ షరతులుంటాయి, ‘ఆలస్యపు ధర’ అని స్క్రీన్ మీద స్పష్టంగా రాయడం అందులో ఒకటి.