పీఎల్‌ఏ, రేయాన్ సహజ పాలిమర్లా, కృత్రిమమా? స్టార్చ్ పొర పగలకుండా ఎలా?

ప్రశ్న:
పత్తి, రబ్బరు సహజ పాలిమర్లు, నైలాన్, పాలిథీన్ కృత్రిమం అని పాఠాల్లో ఉంటుంది. మరి మొక్కజొన్న నుంచి చేసే పీఎల్‌ఏ (పాలీలాక్టిక్ ఆమ్లం) అనే ప్లాస్టిక్, కలప గుజ్జు నుంచి తీసే రేయాన్ దారం ఏ కోవలోకి వస్తాయి? తరగతిలో చూపించడానికి స్టార్చ్ పొర కూడా చేయాలి. ఆరాక పగలకుండా ఉండే కొలతలు చెప్పగలరా?

జవాబు 1:
పాలిమర్ అంటే చిన్న అణువులు వరుసగా కలిసిన పొడవాటి గొలుసు. ముడిసరుకు ఎక్కడిదని కాదు, ఆ గొలుసును ఎవరు కట్టారో చూడండి. పత్తిలోని సెల్యులోజ్ గొలుసును మొక్కే కట్టింది, కనుక సహజం. రేయాన్‌కి సెల్యులోజ్‌ను రసాయనాలతో కరిగించి మళ్లీ దారంగా తీస్తారు, అది అర్ధకృత్రిమం. పీఎల్‌ఏ కోసం స్టార్చ్‌ను గ్లూకోజ్‌గా విడగొట్టి, పులియబెట్టి, వచ్చిన లాక్టిక్ ఆమ్లంతో కొత్త గొలుసు కడతారు. అంటే కృత్రిమమే. 1935లో అమెరికా రసాయన శాస్త్రవేత్త కరోథర్స్ బృందం చేసిన నైలాన్ 6,6 కూడా కృత్రిమమే, కానీ అందులో అణువులను కలిపే అమైడ్ అనే బంధం పట్టు ప్రొటీన్‌లోనూ ఉంది.

జవాబు 2:
పొరకి: మొక్కజొన్న స్టార్చ్ 10 గ్రాములు, చన్నీళ్లు 60 మి.లీ., వెనిగర్ 5 మి.లీ., గ్లిజరిన్ 5 మి.లీ.

అన్నీ చన్నీళ్లలోనే కలపండి. వేడినీళ్లలో పిండి వేస్తే ఉండ పైభాగం ఉడికిపోయి లోపల పొడిగానే ఉంటుంది. సన్నని సెగ మీద ఆపకుండా తిప్పుతుంటే 70 డిగ్రీల దరిదాపుల్లో స్టార్చ్ రేణువులు ఉబ్బి, పాలలా ఉన్న నీళ్లు గంజిలా చిక్కబడతాయి. అక్కడే దించేస్తే పని చెడుతుంది. తెలుపు విరిగి అద్దంలా అయ్యేదాకా ఇంకో 2–3 నిమిషాలు ఉంచండి. నునుపైన ప్లాస్టిక్ షీటు మీద 2 మి.మీ. మందాన సమంగా పరిచి, నీడలో ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి. ఎండలోగానీ ఫ్యాను కిందగానీ పెడితే పైభాగం ముందు ఆరి బిగుసుకుంటుంది, అడుగు తడిగానే ఉంటుంది. పగుళ్లు ఎక్కువగా అందుకే వస్తాయి.

గ్లిజరిన్ గొలుసుల మధ్య చేరి అవి జారేలా చేస్తుంది. అది తగ్గితే పొర పెళుసు, ఎక్కువైతే జిగురు. వెనిగర్ స్టార్చ్‌లో కొమ్మలున్న గొలుసైన అమైలోపెక్టిన్‌ను కొంత తుంచుతుంది.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. సహజమైనవి మట్టిలో కలుస్తాయి, కృత్రిమమైనవి కలవవు అని పిల్లలకు చెప్పవచ్చా?

జవాబు 3:
దయచేసి అలా చెప్పకండి. దాన్ని తేల్చేది గొలుసులోని అణువులను కలిపే బంధం, పుట్టుక కాదు. పాలికాప్రోలాక్టోన్ అనే ప్లాస్టిక్ ముడిచమురు నుంచి వచ్చినా, దానిలోని ఎస్టర్ అనే రకం బంధాలను సూక్ష్మజీవుల ఎంజైములు తెంచగలవు. పీఎల్‌ఏలోనూ ఎస్టర్ బంధాలే, కానీ సుమారు 60 డిగ్రీల వేడి, తేమ ఉన్న కంపోస్టులోనే అది త్వరగా విడిపోతుంది. పెరటి ఎరువు గుంతలో చాలాకాలం అలాగే ఉంటుంది. గంధకంతో వల్కనైజ్ చేసిన (వేడి చేసి గొలుసులను ఒకదానికొకటి ముడివేసిన) సహజ రబ్బరు కూడా అంత తేలిగ్గా కుళ్లదు.

మీ పొర మీద పలచని అయోడిన్ చుక్క వేసి చూపించండి, ముదురు నీలం వస్తుంది. దూది మీద రాదు. రెండూ గ్లూకోజ్ గొలుసులే, కానీ స్టార్చ్‌లోని అమైలోజ్ మెలి తిరిగి అయోడిన్‌ను లోపల పట్టుకుంటుంది, సెల్యులోజ్ తిన్నగా ఉంటుంది. దూది బదులు బట్ట వాడితే గంజి పెట్టనిదే తీసుకోండి, లేకపోతే అదీ నీలమవుతుంది.