సివిల్ ఇంజినీర్ ఆర్బిట్రేషన్‌లోకి మారొచ్చా? హైదరాబాద్‌లో ఉండి చేసే పనేనా?

ప్లానర్_కూకట్‌పల్లి:
సివిల్ బీటెక్. గల్ఫ్‌లో పవర్ ప్లాంట్ ప్రాజెక్టులో ప్లానింగ్ ఇంజినీర్‌ని, పొద్దస్తమానం ప్రైమవెరా (పనుల షెడ్యూలు వేసే సాఫ్ట్‌వేర్) తోనే కాపురం. ఇంటర్నేషనల్ కన్‌స్ట్రక్షన్, ఎనర్జీ ఆర్బిట్రేషన్ వైపు, అంటే ఆ కాంట్రాక్టుల గొడవలు కోర్టు బయట మధ్యవర్తుల ముందు తేల్చే పని వైపు మారాలనుంది. వచ్చేసి లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయాలా, లేక క్లెయిమ్స్ కన్సల్టెన్సీలో (కాంట్రాక్టుల్లో అదనపు టైము, డబ్బు అడిగే క్లెయిమ్‌లు చూసే సంస్థలో) చేరి, లండన్ ఆర్బిట్రేటర్ల సంస్థ సీఐఆర్బ్ పెట్టే పరీక్షలు రాసుకుంటే చాలా? 2021 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ సెంటర్ మొదలైంది కదా, ఛాన్సులేమైనా పెరిగాయా?

నల్లకోటు:
ఎల్ఎల్‌బీ లేకుండా దిగొద్దు. సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేసేది లాయరే, అవార్డు (ఆర్బిట్రేటర్ ఇచ్చే తీర్పు) వచ్చాక దాన్ని కొట్టేయాలా వద్దా అని ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 కింద కోర్టులో కొట్లాడేదీ లాయరే. డిగ్రీ లేనివాళ్లు ఫైళ్లు సర్దుతూనే రిటైరవుతారు. ఇక ఎనర్జీ అంటారా, డిస్కమ్‌కీ (ఇళ్లకు కరెంటు పంచే సంస్థ) దానికి కరెంటు అమ్మే కంపెనీకీ గొడవైతే అది ఈఆర్‌సీకి (విద్యుత్ నియంత్రణ కమిషన్) వెళ్తుంది. తనే తేల్చాలో ఆర్బిట్రేషన్‌కు పంపాలో ఈఆర్‌సీ ఇష్టం. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 86 అదే చెప్తోంది, 2008లో సుప్రీంకోర్టూ అదే అంది. మీకు మిగిలేవి ప్లాంట్లు కట్టే ఈపీసీ (డిజైన్, సామాను, నిర్మాణం అన్నీ ఒకరికే ఇచ్చే) కాంట్రాక్టులు, చమురు, గ్యాస్ బ్లాకుల వివాదాలు.

చాయ్_బిస్కట్:
సెంటర్‌కు రాయదుర్గంలో ఇచ్చిన భూమి కేటాయింపును 2025 జూన్‌లో హైకోర్టు కొట్టేసింది. అది కూడా రాయండి.

డిలే_అనలిస్ట్:
భూమికీ ఆయన కెరీర్‌కీ ఏం సంబంధం?
నల్లకోటు గారూ, ఆర్బిట్రేటర్‌కు లా డిగ్రీ ఉండాలని 1996 ఆర్బిట్రేషన్ చట్టంలో ఎక్కడుంది? 2019లో అర్హతల జాబితా ఒకటి పెట్టారు, 2021లో తీసేశారు. పెద్ద కేసుల్లో సగం గొడవ, ప్రాజెక్టు ఎవరి వల్ల లేటైందన్నదే. ఏ నెలలో క్రిటికల్ పాత్ (ఆగితే మొత్తం ప్రాజెక్టే లేటయ్యే పనుల వరస) మీద ఏ పని ఉంది, అది ఎవరి వల్ల ఆగింది అన్నది ప్లానరే విప్పి చెప్పాలి. ఈ తమ్ముడి చేతిలో ఆ విద్య ఇప్పటికే ఉంది.

గుత్తేదారు_వరంగల్:
తమ్మీ, ఈ ఇద్దరి మాట ఇనకు. నేను బ్రిడ్జి కట్టిన. గొడవైతే ఆర్బిట్రేషన్‌కు పోయిన. ఫీజులు కట్టనీకి ప్లాటు అమ్మిన. అవార్డు నాకే వచ్చింది, డిపార్ట్‌మెంటోళ్లు కోర్టుకు పోయిన్రు, అది ఇంకా ఆన్నే ఉన్నది. గీ కేసుల మీద బతుకుడు ఒక కెరీరా?

నల్లకోటు:
మీదొక్కటే కాదు. కేజీ బేసిన్ గ్యాస్ కేసులో 2018లో వచ్చిన అవార్డును 2025లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ కొట్టేసింది. ఢిల్లీ మెట్రో ఎయిర్‌పోర్టు లైను అవార్డును 2024లో క్యూరేటివ్ పిటిషన్లో (రివ్యూ కూడా అయ్యాక ఉండే ఆఖరి అవకాశం) సుప్రీంకోర్టే పక్కన పెట్టింది. అందుకే లాయర్ కావాలంటున్నాను.

డిలే_అనలిస్ట్:
గుత్తేదారు గారూ, అడిగినంతా వచ్చిందా? మిషన్లు ఖాళీగా ఉన్న క్లెయిమ్ పోయిందేమో, టైముకు నోటీసు ఇవ్వలేదని?

గుత్తేదారు_వరంగల్:
గదే పోయింది.

డిలే_అనలిస్ట్:
అనుకున్నాను. ఫిడిక్ (అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజినీర్ల సమాఖ్య) 1999 రెడ్ బుక్, అంటే వాళ్ల నమూనా నిర్మాణ కాంట్రాక్టులో, క్లాజు 20.1 చూడండి. సంగతి తెలిసిన 28 రోజుల్లో నోటీసు ఇవ్వకపోతే టైమూ రాదు, డబ్బూ రాదు.

నల్లకోటు:
ఇండియాలో అలా చెల్లదని వాదించొచ్చు. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 28: గడువు దాటిందని హక్కునే తుడిచేసే షరతు చెల్లదు.

డిలే_అనలిస్ట్:
అది హక్కును తుడిచేయడం కాదు. నోటీసు ఇస్తేనే హక్కు పుడుతుంది.

నల్లకోటు:
ఆ తేడా ఎవరు చెప్పారు మీకు? ఏ కోర్టు?

చాయ్_బిస్కట్:
ఏ 28 గురించి మాట్లాడుతున్నారు, రోజులా సెక్షనా? 😀

గుత్తేదారు_వరంగల్:
మీ 28 మీ దగ్గర్నే పెట్టుకోండ్రి. నాకు నోటీసు రాసుడు రాక కాదు. డ్రాయింగులు రాక పని ఆగిన నాడే హిండ్రెన్స్ రిజిస్టర్‌ల (పని ఎందుకు ఆగిందో రాసే బుక్కు) రాసిన. డిపార్ట్‌మెంట్ ఇంజినీరు ఏఈ సంతకం పెట్టలే. ఆయన పై ఆఫీసర్ ఈఈ రూముకు పోతే కుర్చీల కూసోమనలే, "లెటర్లు షురూ చేసినవట గదా" అన్నడు. ఆ నెల రన్నింగ్ బిల్లు కదలలే. ఫైనల్ బిల్లప్పుడు ఇంకేం అడగనని నో క్లెయిమ్ సర్టిఫికెట్ మీద సంతకం పెడితేనే చెక్కు అన్నరు. కూలీలు గేటు ముంగట కూసున్నరు. పెట్టిన.

డిలే_అనలిస్ట్:
ఒత్తిడితో పెట్టించారని వెంటనే ఒక లెటర్ పెట్టి ఉంటే...

గుత్తేదారు_వరంగల్:
మల్ల లెటరే! లెటర్ పెట్టినోనికి తెల్లారి పని ఇస్తరా? నువ్వు ఎవని దిక్కు సార్, ముందు గది చెప్పు.

డిలే_అనలిస్ట్:
ఎక్కువగా ఎంప్లాయర్ల, అంటే పని ఇచ్చేవాళ్ల తరఫునే చేస్తాను. దాచాల్సిన పనేం లేదు. కాగితం లేకుండా నోటిమాట మీద కోట్లు అడిగితే ట్రిబ్యునల్ దేన్ని నమ్మాలి?

గుత్తేదారు_వరంగల్:
పనిని నమ్మాలె. బ్రిడ్జి ఆడ నిలబడ్డది. బస్సులు పోతున్నయ్.

నల్లకోటు:
అందుకే ఇప్పుడు మీడియేషన్, అంటే కూర్చుని రాజీ కుదుర్చుకోవడం, అంటున్నారు. 2024 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ, ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ఆర్బిట్రేషన్ మామూలుగా 10 కోట్ల లోపు వివాదాలకే ఉండాలని, పెద్దవాటికి మీడియేషన్ చూడమని చెప్పింది. 2023లో దానికి చట్టమూ వచ్చింది.

గుత్తేదారు_వరంగల్:
వకీల్ సాబ్, కూసోని మాట్లాడనీకి నేను తయార్. సెటిల్మెంట్ కాగితం మీద సంతకం పెట్టే ఆఫీసర్ ఎక్కడున్నడు? కోర్టు ఆర్డర్ వస్తే నిమ్మళంగ కడ్తడు. తనంతల తను ఇస్తే రేపు విజిలెన్సోళ్లు అడుగుతరని భయం.

డిలే_అనలిస్ట్:
ఈ ఒక్క మాట మాత్రం నిజం. నేను ఎంత తగ్గించి రిపోర్టు ఇచ్చినా, ఆ తగ్గించిన అంకె మీద కూడా ఎవరూ సంతకం పెట్టరు.

ప్లానర్_కూకట్‌పల్లి:
అందరికీ థ్యాంక్స్. ఒకటి చెప్పాలి. మా ప్రాజెక్టులో సబ్‌కాంట్రాక్టర్ల నోటీసులు నా టేబుల్‌కే వస్తాయి. "గడువు దాటింది, తిరస్కరిస్తున్నాం" అని జవాబు రాసేదీ నేనే. రేట్లు ఎంత అన్యాయంగా ఉన్నా అదే ఫార్మాట్. మారాలనుకోవడానికి అదొక కారణం.

గుత్తేదారు_వరంగల్:
మారి ఎటు దిక్కు పోతవ్? సార్ దిక్కా, నా దిక్కా? నా దిక్కయితే ఫీజు ఉద్దెర.

డిలే_అనలిస్ట్:
తమ్ముడూ, పర్సనల్ మెసేజ్ పెట్టు. లండన్, దుబాయ్ కేసుల పని ఇక్కడ కూర్చునే చేస్తున్నాం, మనుషులు దొరకట్లేదు. చదువు తర్వాత చూసుకోవచ్చు.

నల్లకోటు:
చదువు తర్వాత కాదు, ముందు. పైగా సెక్షన్ 28 మీద మీరింకా జవాబు ఇవ్వలేదు.